దీపానికి గుడి కట్టే అద్దం

అబ్దుల్ ఖాదర్ చేతికి మొదట వచ్చినవి ఇవి: పిడి ఊడిపోయిన సినిమా కెమెరా ఒకటి, దాని స్టాండుకు ఉండాల్సిన మూడు కాళ్లలో రెండు, చెదలు కొట్టిన నల్లగుడ్డ, ఖాళీ రేకుడబ్బాలు, అచ్చం కవలల్లా ఒకే తీరున ఉన్న లెన్సులు రెండు. అన్నీ ఒకే ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఒకప్పుడు సంస్థానం వారి పెళ్లిళ్లూ ఊరేగింపులూ తీసిన ఫొటోగ్రాఫరు పెట్టె అది. ఆయన పోయి చాలా కాలమైంది. ఇల్లు ఖాళీ చేస్తూ మనవలు ఆ పెట్టెను పాత ఇత్తడితో కలిపి తూకానికి వేశారు. ఖాదర్ తరాజు ముల్లు వైపు చూశాడే గాని పెట్టె వైపు చూడలేదు. కావాల్సిన సరుకు మీద కన్ను వేయకపోవడం అతను తన వ్యాపారంలో మొట్టమొదట నేర్చుకున్న పని.

గద్వాల కోట వాకిలికి ఎదురుగా అతని దుకాణం. ఆగిపోయిన గోడ గడియారాలు, మూగబోయిన గ్రామఫోన్లు, మూతబడిన డేరా టాకీసుల ప్రొజెక్టర్లు, గడీల నుంచి దిగిన గాజు దీపాలు అక్కడికి చేరేవి. ఏది వచ్చినా ఖాదర్ దానికి ముందు స్నానం చేయించేవాడు. ఇత్తడికి చింతపండు, కర్రకు నూనె, గడియారానికి కొత్త అద్దం. మురికితో ఉన్న సరుకును గిరాకీ చేతిలో పెట్టడం అతని దృష్టిలో చిరిగిన లుంగీతో పెళ్లికి పోవడంతో సమానం.

ఆ రెండు లెన్సుల్లో ఒకటి ఆ ఏడే చెయ్యి దాటింది. బావమరిది పెళ్లికి గద్వాల పట్టుచీర కట్టుకుంటానని భార్య సకీనా పట్టుబట్టింది. ఖాదర్ లెన్సును జేబులో వేసుకుని రాజోలికి, హనుమమ్మ అనే నేతగత్తె ఇంటికి పోయాడు. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తుంటే దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతకాలి. హనుమమ్మ ఆ అతుకు పనిలో పేరున్న మనిషి. అయితే అప్పటికే ఆమె చూపు మందగిస్తోంది. ఖాదర్ లెన్సును పోగు మీద పట్టి చూపించాడు. వెంట్రుకంత పోగు మోకు అంత లావుగా కనిపించింది. అంచులో చిన్న తప్పు పడిన చీర ఒకటి ఆమె ఇంట్లో ఉంది. చీర ఇటు వచ్చింది, అద్దం అటు పోయింది. తిరిగి వస్తూ ఖాదర్ దారంతా తనలో తాను నవ్వుకున్నాడు. ఇత్తడి తూకంలో వచ్చిన గాజుముక్కకు పట్టుచీర దిగింది మరి.

రెండో లెన్సు పదేళ్లు దుకాణం అద్దాల బీరువాలో కూర్చుంది.

దాన్ని కూర్చున్న చోటు నుంచి లేపినవాడు రఘుపతి. ఆలేరు పిల్లవాడు. మద్రాసులో పెద్ద కెమెరామన్ల దగ్గర పని నేర్చుకుని మొదటిసారి సొంతంగా ఒక సినిమా చేస్తున్నాడు. షూటింగుకు జాగాలు వెతుక్కుంటూ గద్వాల వచ్చి, వాన పడితే దుకాణంలోకి దూరాడు. కరెంటు పోయింది. ఖాదర్ వెలిగించిన దీపం ముందు ఆ లెన్సు పట్టుకుని చూసి, దాన్ని అతని చేతిలో పెట్టాడు.

"భాయ్, జర నువ్వు చూడు."

ఖాదర్ చూశాడు. చందమామకు గుడి కట్టినట్టు దీపం చుట్టూ పలుచని వెలుగు వలయం కట్టి ఉంది. అద్దం లోపల ఎప్పుడో పట్టిన పొగమంచు లాంటి మసక అందుకు కారణం.

"లోపల మసి పట్టినట్టుంది బేటా, పాతది గదా," అన్నాడు ఖాదర్ సిగ్గుపడుతూ.

"పాతది గాబట్టే కావాలె. మా సినిమాల సగం కత యాభై ఏండ్ల కిందటిది. గా కాలం ముక్కలన్ని దీంతోటే తీస్త. కొత్త అద్దాలల్ల అంత కడిగినట్టు కనవడ్తది, పానం ఉండది."

ఖాదర్ చెవికి ఈ మాటలు మరోలా ఎక్కాయి. గిరాకీ మచ్చను చూశాడు, పెద్దవాడి ముందు మొహమాటపడి పొగిడాడు అనుకున్నాడు. సరుకు అమ్మనన్నాడు. కిరాయికి ఇస్తాను గానీ ఒక షరతు అన్నాడు.

"సామాను ఎంట మనిషి వస్తది. పెండ్లికి వంట దేగిసాలు పంపినా నా రివాజు గిదే. నా సామాను ఒంటరిగ పోదు."

అలా కార్తీకంలో ఆలంపూర్ దగ్గర తుంగభద్ర మెట్ల మీద షూటింగు జరిగినన్నాళ్లూ ఖాదర్ కెమెరా పక్కనే గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. కర్నూలులో లేతు మిషను మీద ఇత్తడి రింగు ఒకటి చేయించి, ఆ పాత లెన్సును కొత్త కెమెరాకు బిగించారు. ప్రొడక్షన్ మేనేజరు రామచంద్రయ్యకు ఇదంతా గిట్టలేదు. "కెమెరా మద్రాసుది, లెన్సు తుక్కుది, కాపలా సాయిబుది. బాగుందయ్యా మన సినిమా!" అని నలుగురి ముందూ వెక్కిరించేవాడు. ఒకసారి రఘుపతిని పక్కకు పిలిచి, వెక్కిరింపు లేకుండానే చెప్పాడు: "తేడా వచ్చిందో, నువ్వు రైలెక్కుతావు. వేరే కెమెరామన్ దిగుతాడు. ముందే చెబుతున్నాను."

తేడా రాలేదు. మద్రాసులో కడిగిన ఫిల్మ్ చూసి అందరూ మెచ్చుకున్నారు. ఇంతలో హీరోయిన్ జ్వరంతో పడుకుంది. ఇంకొక్క సీను మిగిలి ఉండగా షూటింగు ఆగిపోయింది. లెన్సు దుకాణానికి తిరిగి వచ్చింది.

ఆ ఖాళీ రోజుల్లో ఖాదర్ ఒక మంచి పని చేశాననుకున్నాడు. పిల్లవాడు మంచివాడు, తన సరుకు వల్ల పేరు తెచ్చుకుంటున్నాడు, అటువంటివాడికి రెండోసారి కూడా మసిబట్టిన అద్దం ఇవ్వడమేమిటి? కర్నూలులో కళ్లజోళ్లు చేసే నేర్పరి ఒకడున్నాడు. అతనితో లెన్సు విప్పించి, లోపలి గాజులన్నీ మందు వేసి కడిగించి, మళ్లీ బిగించి తెచ్చాడు. సెలయేటి నీళ్లలా మెరిసింది. సకీనాకు చూపించి, "కొత్త పెండ్లికొడుకు లెక్క ఉన్నదా లేదా?" అని అడిగాడు.

షూటింగు మళ్లీ మొదలైన నాడు పొద్దున్నే ఆలంపూర్ చేరుకుని, గొడుగు పాతుకుని, లెన్సు రుమాలు విప్పి రఘుపతి చేతిలో పెట్టాడు. మెప్పు కోసం నిలబడ్డాడు.

రఘుపతి అలవాటు ప్రకారం దీపం వెలిగించి లెన్సులోంచి చూశాడు. కన్ను నలుపుకున్నాడు. మళ్లీ చూశాడు. లెన్సు తిప్పి వెలుతురుకు ఎత్తి పట్టాడు.

"భాయ్, దీన్ని ఏం చేసినవు?"

"కడిగిపిచ్చిన బేటా. నా పైసలతోనే. నువ్వు ఫికర్ చెయ్యకు."

రఘుపతి మెట్టు మీద కూలబడ్డాడు. అరవలేదు. అరిచి ఉంటే ఖాదర్‌కు అంత భయం వేసేది కాదు.

"పోయినసారి హీరోయిన్ దీపం పట్టుకొని మెట్లు దిగింది. గుడి కట్టిన దీపం. ఇయ్యాల గదే దీపం నీళ్లల్ల ఇడుస్తది. రెండు ముక్కలు పక్కపక్కన అతుకుతరు భాయ్. ఒకదాంట్ల గుడి ఉండి, ఇంకోదాంట్ల లేకపోతే కొత్తగ సినిమా చూసేటోడు గూడ తప్పు పట్టేస్తడు. రేపు పొద్దుగాల బండికి ఆమె పోతది. మళ్ల దొరకది."

"ఇంకేదన్న పూసి..."

పెట్టెలోంచి వాసెలిన్ తీసి రఘుపతి ఒక గాజుపలక మీద పూసి లెన్సు ముందు పెట్టి చూశాడు. దీపం, మెట్లు, నది అన్నీ కలిసి మసకబారాయి. దీపం చుట్టూ మాత్రం ఏమీ కట్టలేదు. పలక పక్కన పడేశాడు. దూరంగా రామచంద్రయ్య వంటవాళ్ల మీద కేకలు వేస్తున్నాడు. అతనికింకా ఏమీ తెలియదు.

ఖాదర్ నిలబడిన చోటే తన స్థితి బేరీజు వేసుకున్నాడు. తాను నోరు మెదపకపోతే, రఘుపతీ మెదపకపోతే, ఈ సాయంత్రం సీను అయిపోతుంది. తేడా మద్రాసులో బయటపడుతుంది. అప్పటికి తాను గద్వాలలో ఉంటాడు. వేటు ఈ పిల్లవాడి మెడ మీద పడుతుంది. ముప్పై ఏళ్లుగా తాను గిరాకీతో అన్న మాట ఒకటుంది: "చూసిందే ఇస్త, ఇచ్చిందే చూసుకో." చూసింది ఒకటి, ఇవాళ ఇచ్చింది ఇంకొకటి. పాత సామాన్ల వ్యాపారికి ఈ మాట తప్ప దుకాణంలో ఇంకేముంది?

అప్పుడు గుర్తొచ్చింది రాజోలి.

"బేటా, దీని జోడు ఒకటి ఉండె. ఒక్క పెట్టెల ఒక్క తీరుగ నానినయి రెండు. గిదే మసి దాంట్ల గూడ ఉండాలె. పొద్దు గూకేదాక ఆపగల్గుతవా?"

రఘుపతి తలెత్తాడు. "సీనే పొద్దుగూకినంక. మొగులు మీద ఎలుగు జర మిగిలుండంగ తియ్యాలె. గా ఎలుగు పోయిందా, ఖతం."

ఖాదర్ కడిగిన లెన్సును అన్నం డబ్బాలో పెట్టుకుని స్కూటర్ ఎక్కాడు.

రాజోలి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. హనుమమ్మ మగ్గం ముందు చాప మీద కూర్చుని పోగులు అతుకుతోంది. వేళ్లకు బూడిద అద్దుకుని, పాత కొసనూ కొత్త కొసనూ కలిపి మెలిపెట్టి వదులుతోంది. ఆమె ముఖానికి ఎదురుగా, మగ్గం కర్రకు తీగతో కట్టి వేలాడదీసిన లెన్సు. ఖాదర్ దాని వైపు చూడలేదు. ఇంటి వాసాల వైపు చూశాడు, మూలనున్న నీళ్ల కుండ వైపు చూశాడు.

"ఏంది సాయిబూ, పెండ్లాం చీర చినిగిందా? పదేండ్లకు నా మొకం గుర్తొచ్చె," అంది హనుమమ్మ పోగు మీంచి చూపు తిప్పకుండా.

"చీర సలామత్‌గ ఉంది అవ్వా. నీ కండ్లెట్లున్నయో చూసిపోదామని వచ్చిన."

"కండ్లున్నయి గాబట్టే నిన్ను గుర్తువట్టిన."

ఖాదర్ డబ్బా తెరిచి కడిగిన లెన్సు బయటికి తీశాడు. "నీ కోసమని తెల్లటిది తెచ్చిన. పాతదాంతోని ఎందుకు తిప్పలు? ఇది తీస్కొని అది నాకియ్యి. మీద ఏమియ్యొద్దు."

హనుమమ్మ కోడలు బిక్షమ్మ లెన్సు అందుకుని పడుగు మీద పట్టి చూసింది. "అత్తా, గిది మంచిగున్నది! పోగు మీది నూగు గూడ కనవడ్తాంది."

హనుమమ్మ కూడా చూసింది. చూసి, కింద పెట్టింది.

"మంచిది ఇచ్చి మసకది అడుగుతున్నవు. మీద ఏమొద్దంటున్నవు. నువ్వు! తోడబుట్టినోనికి అమ్మినా లాభం ఇడువనోనివి."

"వయసైతాంది అవ్వా. జర సవాబ్ వస్తదని..."

"పున్నెం కోసం వచ్చినోడు గిట్ల చెమటలు గార్తడా? ఇంజను గూడ బంద్ చెయ్యలే నువ్వు."

నిజమే. వాకిట్లో స్కూటర్ ఇంకా గుడగుడలాడుతూనే ఉంది. ఖాదర్ పోయి ఆపి వచ్చాడు. వచ్చి కూర్చునే లోపల తన మొదటి పాఠం తానే మరిచానని అర్థమైంది. సరే అని ఇంకో మెట్టు ఎక్కాడు. లెన్సుతో పాటు గోడ గడియారం ఒకటి ఇస్తానన్నాడు. ఆమె పోగు మెలిపెట్టింది. గ్రామఫోను ఇస్తానన్నాడు. ఆమె ఇంకో పోగు మెలిపెట్టింది. అతను నోరు విప్పిన ప్రతిసారీ కర్రకు వేలాడుతున్న ఆ మసక అద్దం ఆమెకు ఇంకా అపురూపం అవుతోంది. బేరం తెలిసినవాడు బేరంలోనే ఇరుక్కున్నాడు.

గోడ మీద ఎండ కిందికి జారుతోంది.

"అవ్వా, ఖుదా కసం, ఉన్నది ఉన్నట్టు చెప్త," అన్నాడు చివరికి. చెప్పాడు. కెమెరా, దీపం, గుడి, కర్నూలు కళ్లజోళ్ల మనిషి, రైలెక్కి పోబోయే హీరోయిన్, ఆలేరు పిల్లవాడు. ఏదీ దాచలేదు.

హనుమమ్మ అంతా విని, కోడలి వైపు తిరిగి, "విన్నవానే? దీపం సుట్టు గుడి గట్టాలెనంట, గందుకు నా పాత అద్దం సినిమావోళ్లకు కావాలెనంట. అబద్ధం చెప్పెటప్పుడన్న జర అతికేటట్టు చెప్పొద్దా సాయిబూ?" అంది.

ఖాదర్ ఇన్నేళ్లలో ఎన్నో మాటలు అతికించి చెప్పి నెగ్గాడు. ఇవాళ ఒక్క నిజం చెబితే అది నిలబడటం లేదు. తప్పు ఆమెది కాదు. ఇదే వాకిట్లో పదేళ్ల కింద గాజుముక్క ఇచ్చి చీర పట్టుకుపోయిన మనిషి మాట ఆమె ఎందుకు నమ్మాలి?

"నమ్మకపోతే నువ్వే రా," అన్నాడు. "సామాను ఎంట మనిషి ఉండాలె. నేను గూడ గట్లనే చేస్త. నీ అద్దం నీ చేతులనే పెట్టుకో. నువ్వే ఇయ్యి, నువ్వే తీస్కో. గా కడిగింది గిరవుగ ఈడనే ఉంటది."

ఆమె పని ఆపి మొదటిసారి అతని ముఖంలోకి చూసింది.

"వస్త. కాని గీ పిడి అయ్యేదాక లెవ్వను. మధ్యల ఇడిస్తే చిక్కు వడ్తది."

పిడి అంటే పోగుల కట్ట. ఆమె ఒళ్లో ఉన్న కట్టలో సగం కూడా అతకలేదు. "అవ్వా, పొద్దు..." అని నీళ్లు నమిలాడు ఖాదర్.

"పొద్దు నాకు గూడ కనవడ్తాంది. తొందరగుంటే బూడిద అందియ్యి."

గద్వాలలో పేరున్న వ్యాపారి అబ్దుల్ ఖాదర్ చాప అంచున గొంతుక్కూర్చుని బూడిద చిప్ప పట్టుకున్నాడు. పోగు పోగుకూ ఆమె వేలు వచ్చి బూడిద అద్దుకుని పోయేది. తొందరపెడితే పోగు తెగుతుంది, తెగితే మళ్లీ మొదలు. అందుకని మాట్లాడలేదు. వాకిట్లో నీడ గడప ఎక్కింది. గడప దాటింది. అతను నీడ వైపు చూడకుండా ఆమె వేళ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆఖరి పోగు మెలిపెట్టి ఆమె లేచింది. తీగ విప్పి, లెన్సును అన్నం డబ్బాలో పెట్టి మూత బిగించి చంకన పెట్టుకుంది. "బిక్షమ్మా, తెల్లదాంతోని రెండో పిడి షురూ చెయ్యి," అని చెప్పి స్కూటర్ వెనక కూర్చుంది.

కాలువ గట్టు మీద దారంతా గుంతలు. ఖాదర్ ఎన్నడూ తోలనంత వేగంగా తోలాడు. ఒకచోట చక్రం పక్కకు జారి బండి ఊగిపోయింది.

"నన్ను పట్టుకో అవ్వా!"

"నిన్ను పట్టుకుంటే డబ్బా ఎవరు పట్టాలె? మంచిగ తోలు!"

ఆలంపూర్ చేరేసరికి సూర్యుడు గుళ్ల వెనక్కి దిగిపోయాడు. నది మీద ఇంకా వెలుగుంది. రఘుపతి జనరేటరులో ఏదో లోపమని చెప్పి సాయంత్రమంతా సాగదీస్తున్నట్టున్నాడు. జనరేటరు మనిషి ఊరికే మరలు విప్పి బిగిస్తున్నాడు. రామచంద్రయ్య సహనం అయిపోయింది.

"ఏమయ్యా సాయిబూ, ఎక్కడికి పోయావు? సామాను వెంట మనిషి అన్నావు, ఇవాళ సామానూ లేదు, మనిషీ లేడు. ఈ ముసలమ్మ ఎవరు?"

"సామాను నాది. మనిషిని నేను," అంది హనుమమ్మ, డబ్బా మూత తీస్తూ.

రఘుపతి లెన్సు అందుకుని రింగులో పెట్టి తిప్పాడు. సగం తిరిగి ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు. గరగరమంది గాని దిగలేదు. మర గాడిలో పదేళ్ల బూడిద, పోగుల నుంచి రాలిన గంజి పొడి గట్టిపడి కూర్చున్నాయి. బలవంతం చేస్తే ఇత్తడి మర చెడుతుంది. రఘుపతి ఆకాశం వైపు చూశాడు.

"ఇటియ్యి బేటా," అన్నాడు ఖాదర్. పాత సామాను విప్పడం, బిగించడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. "అవ్వా, పోగు ఉన్నదా?"

ఆమె కొంగు ముడిలోంచి పురి పెట్టిన దారం తీసి ఇచ్చింది. ఖాదర్ దాన్ని స్కూటర్ టాంకులో ముంచి పెట్రోలు తడి చేసి, మర గాడి వెంట చుట్టి, రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ లాగాడు. దారం నల్లబడింది. ఇంకో దారం. అదీ నల్లబడింది. రామచంద్రయ్య గడియారం చూసుకుంటూ, "అయిపోయింది, ఇవాళ్టికి అయిపోయింది. ఎవరు సమాధానం చెబుతారో చెప్పండి," అంటూ మెట్ల మీద పచార్లు చేస్తున్నాడు. మూడో దారం తెల్లగా బయటికి వచ్చింది. ఖాదర్ లెన్సును రింగులో పెట్టి, వేళ్ల కొసలతో, గడియారానికి కీ ఇచ్చినట్టు తిప్పాడు. దిగింది.

"దీపం," అన్నాడు రఘుపతి.

హీరోయిన్ చేతిలో దొప్ప, దొప్పలో దీపం వెలిగింది. రఘుపతి కెమెరాకు కన్ను ఆనించాడు. ఖాదర్ తన ముప్పై ఏళ్ల పేరును ఆ చూపు మీద పెట్టి నిలబడ్డాడు.

"భాయ్," అన్నాడు రఘుపతి, కన్ను తీయకుండానే. "కట్టింది."

కెమెరా తిరిగింది. ఆమె వంగి దొప్పను నీళ్ల మీద వదిలింది. అది ఒడ్డుకే తిరిగి వచ్చింది. ఇంకో దొప్ప వెలిగించారు. ఈసారి నీళ్లు దాన్ని లోపలికి తీసుకుపోయాయి. ఆకాశంలో ఆఖరి వెలుగు బూడిదరంగుకు తిరిగేదాకా రఘుపతి ఆపలేదు.

"ఇంతకీ జనరేటరు లోపమేమిటో తెలిసిందా?" అని అడిగాడు రామచంద్రయ్య. జనరేటరు మనిషి పనిముట్లు సర్దుకుని అటు తిరిగాడు.

హనుమమ్మ కెమెరా దగ్గరికి వచ్చి, "నేను గూడ చూడాలె," అంది. రఘుపతి ఆమె కోసం మళ్లీ దీపం వెలిగించి ఒక దొప్పను మెట్టు మీద పెట్టించాడు. ఆమె ఒంటికన్నుతో చూసింది. తల తీసి ఖాదర్ వైపు తిరిగింది.

"నిజమే చెప్పినవు," అంది, అదొక వింత అన్నట్టు.

"మరి బదలాయిద్దామా అవ్వా? తెల్లది నీకు, గిది నాకు."

"నేను చూసినంక బదలాయిస్తనా? మంచిగ చెప్పినవు! ఇది నాది. కావాలంటే కిరాయికి ఇస్త. పనికి పోయినన్నాళ్లు దీని జాగల తెల్లది నా మగ్గం కాడ ఉండాలె. వచ్చినంక గూడ అది ఆడనే ఉంటది. నా కోడలు దానికి అలవాటైతది గదా."

రఘుపతి అటు తిరిగి నవ్వు ఆపుకుంటున్నాడు. బేరంలో ఒకసారి తన మాటే తన మెడకు చుట్టుకున్నాక వ్యాపారి చేసేది ఒకటే. ఖాదర్ తల ఊపాడు.

సినిమా మరుసటి ఎండాకాలంలో గద్వాలకు వచ్చింది. ఖాదర్, సకీనా, హనుమమ్మ, బిక్షమ్మ ఒకే వరుసలో కూర్చుని చూశారు. సకీనా ఆ చీరే కట్టుకుంది. మెట్లు దిగిన దీపం, నీళ్ల మీద పోయిన దీపం పక్కపక్కనే వచ్చాయి. అతుకు ఎక్కడుందో ఖాదర్‌కు తెలుసు కాబట్టి అక్కడే కళ్లు పెట్టి చూశాడు. దొరకలేదు. అంతకుముందు, మొదట్లో పేర్లు పడుతున్నప్పుడు హనుమమ్మ అతని మోచెయ్యి పొడిచి, "ఏం రాసిన్రు?" అని అడిగింది. కృతజ్ఞతల కింద రాజోలి హనుమమ్మ పేరుంది. చదివి చెప్పాడు. తన పేరు కోసం వెతికాడు. అది లేదు.

ఆ ఏడే వానలు తగ్గాక రఘుపతి నుంచి ఇంకో సినిమా కబురు వచ్చింది. అదే లెన్సు కావాలన్నాడు. ఖాదర్ స్కూటర్ వెనక సీటు తుడిచి, ముసలామెకు మెత్తగా ఉండాలని దాని మీద బొంత కట్టి, రాజోలి పోయి వాకిట్లో నిలబడ్డాడు. హనుమమ్మ మగ్గం దగ్గర నుంచి లేవలేదు. అన్నం డబ్బా బిక్షమ్మ చేతికిచ్చి పంపింది.

"నువ్వు ఎక్కవా అవ్వా? సామాను ఎంట మనిషి?" అని బయటి నుంచే అడిగాడు.

"నువ్వున్నవు గదా సాయిబూ," అంది లోపల నుంచి. "పో, పిడి మధ్యల ఉన్న."

కాలువ గట్టు మీద నెమ్మదిగా తోలుకుంటూ వస్తూ ఖాదర్ ఆ ట్రంకుపెట్టె లెక్క మొదటి నుంచి చూసుకున్నాడు. కెమెరాకు పిడి ఇంకా దొరకలేదు. స్టాండుకు మూడో కాలు లేదు. రెండు లెన్సులూ పరాయి ఇంటివయ్యాయి. బీరువాలో వాటి జాగా ఖాళీగా ఉంది. చీర అంచు రంగు దిగింది. ఇక వచ్చిన వైపు చూసుకుంటే, కాపలా మనిషి లేకుండా తన చేతికొచ్చిన అన్నం డబ్బా ఒకటి, వెనక సీటు మీద బొంతలో భద్రంగా కట్టి ఉంది.